తెర మీద పిచ్చి, ఇంట్లో దుఃఖం



పాస్టర్లకు సినిమాలతో పనేమిటని మీలో కొందరు అడుగుతారని మాకు తెలుసు. పని ఉంది. జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో మేము ప్రార్థనకు వెళ్ళే ఇళ్ళలో మనసు జబ్బు గురించి జనానికి తెలిసినదంతా ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే, డాక్టరు దగ్గర నుంచి వచ్చింది తక్కువ, ప్రసంగ వేదిక నుంచి వచ్చింది ఇంకా తక్కువ. ఎక్కువగా సినిమా నుంచే వచ్చింది. కొడుకు రెండు నెలలుగా గది దాటి బయటికి రాని ఇంట్లో ముందుగదిలో టీవీ నడుస్తుంటుంది. అందులో హాస్యనటుడు జుట్టు పీక్కుంటూ ‘పిచ్చోడు’ వేషం వేస్తుంటాడు. చుట్టాలు నవ్వుతారు. తల్లి లేచి వంటగదిలోకి వెళ్ళిపోతుంది. సినిమా మనకు సంబంధం లేని లోకసంబంధమైన విషయమని ఆ తల్లి ముందు అనగలమా?

2005లో మన ఊళ్ళలో జనం ఎగబడి చూసిన రెండు డబ్బింగ్ సినిమాలు గుర్తు చేసుకోండి. ఒకటి చంద్రముఖి. అందులో సైకియాట్రిస్టు ఉన్నాడు, జబ్బుకు ఇంగ్లీషు పేరూ ఉంది. కానీ వైద్యం మాత్రం ఒక రాత్రి, ఒక నాట్యం, కాల్చడానికి ఒక బొమ్మ. తెల్లారేసరికి గంగకు నయమైపోతుంది. రెండోది అపరిచితుడు. ఒక మనిషిలో ముగ్గురు, ఆ ముగ్గురిలో ఒకడు హంతకుడు. ఈ రెండూ చూసిన మనిషి మనసులో రెండు మాటలు నాటుకుంటాయి. ఒకటి, పిచ్చి ఒక్క దెబ్బకు వదులుతుంది. రెండు, పిచ్చివాడి చేతిలో కత్తి ఉంటుంది. రెండూ తప్పే. స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి జబ్బులకు మందులు నెలలు, సంవత్సరాలు వాడాలి. మధ్యలో ఆపితే చాలామందికి తిరగబెడుతుంది. ఇక జబ్బుతో ఉన్నవాళ్ళు ఇతరులను కొట్టడం కంటే, ఇతరుల చేతుల్లో దెబ్బలు తినడమే ఎక్కువ. మన బస్టాండుల్లో రాళ్ళు విసిరేది ఎవరో, ఎవరి మీద విసురుతారో చూసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు.

ఆ కాలంలోనే వచ్చిన ‘ప్రేమిస్తే’ కొంచెం మేలు. ప్రేమించిన పిల్లను లాక్కుపోయారని పిల్లవాడు మతి తప్పి రోడ్డు మీద తిరుగుతుంటాడు. జబ్బు అంత తేలిగ్గా ఒకే కారణంతో రాదు. రక్తంలో వచ్చేది కొంత, బతుకులో తగిలేది కొంత కలిసి వస్తుంది, తరచుగా యౌవనంలోనే మొదలవుతుంది. అయినా ఆ సినిమాను ఒక్క పని కోసం మేము మెచ్చుకుంటాం. చివర్లో ఆ అమ్మాయి భర్త అతన్ని రోడ్డు మీద వదలకుండా వైద్యానికి చేరుస్తాడు. మిగతా సినిమాల్లో పిచ్చివాడికి ఇల్లు ఉండదు, అమ్మానాన్నలు ఉండరు, చాలాసార్లు పేరు కూడా ఉండదు.

పేరు అనగానే మార్కు సువార్త 5వ అధ్యాయం గుర్తుకొస్తుంది. సమాధుల్లో బతుకుతూ, గొలుసులు తెంచుకొని, రాళ్ళతో తనను తాను గాయపరచుకునే ఆ మనిషిని యేసుప్రభువు అడిగింది అతని పేరు. నయమయ్యాక అతను వెంట వస్తానంటే వద్దని, నీ ఇంటివాళ్ళ దగ్గరికి వెళ్ళమని పంపాడు. కథ అక్కడికి చేరాలి, ఇంటికి. ఆ మనిషి బట్టలు కట్టుకొని స్థిమితంగా కూర్చున్నప్పుడే ఊరివాళ్ళకు భయం వేసిందని కూడా అక్కడే రాసి ఉంది. మాకైతే ఆ వచనం మన ఊళ్ళ గురించే రాసినట్టు ఉంటుంది.

ఈ అధ్యాయాన్ని పట్టుకొని మనసు జబ్బు అంతా దయ్యమే అనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు మత్తయి 4:24 కూడా తెరవాలి. దయ్యము పట్టినవాళ్ళు, చాంద్రరోగులు, పక్షవాయువు గలవాళ్ళు అని ముగ్గురినీ వేరువేరుగా లెక్కపెట్టాడు మత్తయి. రెండు వేల ఏళ్ళ కింద ఆ సుంకరికి తెలిసిన తేడా మనకు తెలియకపోతే ఎట్లా? మా సంఘంలో ప్రార్థన చేస్తాం, ఉపవాసం ఉంటాం, మందులు మాత్రం మానమని చెప్పం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, స్వస్థత కోసం తెచ్చి గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో పారిపోలేక కాలిపోయారు. వాళ్ళను అక్కడ దింపి వెళ్ళింది సొంతవాళ్ళే, నమ్మకంతోనే. అది మన మతం వాళ్ళ చోటు కాదు కదా అని తప్పించుకోవద్దు. గొలుసుకు మతం లేదు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం జబ్బుతో ఉన్నవాళ్ళను గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. ఈ సంగతి మన ఊళ్ళకు చెప్పిన సినిమా ఒక్కటి మేము చూడలేదు. ‘వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలిరా’ అనే జోకు మాత్రం లెక్కలేనన్ని సినిమాల్లో విన్నాం. ఆ జోకుకు భయపడి, హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రికి కొడుకును తీసుకుపోయిన తండ్రి ఊళ్ళో ‘నిమ్స్‌కు పోయినం’ అని చెప్పుకుంటాడు.

ఇక దుఃఖం సంగతి. మన సినిమాల్లో బిడ్డ చనిపోతే తల్లికి ఒక అరుపు, తండ్రికి ఒక నిశ్శబ్దం, వెనుక ఒక వయొలిన్. తర్వాతి సీనులో పగ మొదలవుతుంది. ఎందుకంటే మన కథలకు కావలసింది పగ. దుఃఖం దానికి పెట్రోలు మాత్రమే.

ఈ మాట బలగం విషయంలో వర్తించదు. సిరిసిల్ల బిడ్డ వేణు ఎల్దండి తీసి, 2023 మార్చిలో వచ్చిన ఆ సినిమాలో మన యాస ఉంది, మన వాకిళ్ళు ఉన్నాయి. పిట్టకు పెట్టిన ముద్ద కాకి ముట్టకపోవడం మన విశ్వాసానికి చెందిన ఆచారం కాదని, దాన్ని చూడకూడదని కొందరు విశ్వాసులు మాతో వాదించారు. మేము ఒప్పుకోలేదు. ఆ కాకిని మీరు నమ్మక్కర్లేదు. దాని వెనుక ఉన్న ప్రశ్న చూడండి: ఈ ముసలాయన దేనికోసం ఎదురుచూసి పోయాడు? నల్లిబొక్క దగ్గర మొదలైన అలుగుడు ఇరవై ఏళ్ళు సాగింది. బిడ్డ పుట్టింటి గడప తొక్కలేదు. కొమురయ్య అందరితో పరాచికాలాడుతూ నవ్వుతూనే తిరిగాడు. అతని దుఃఖం బతికుండగా ఎవరికీ కనబడలేదు, పోయాకే లెక్కకు వచ్చింది. బిడ్డలు ప్రాణాలతో ఉండగానే తల్లిదండ్రులు పడే దుఃఖం ఇది. యాకోబుకు తెలుసు, దావీదుకు ఇంకా బాగా తెలుసు. ఊళ్ళ మధ్య తెర కట్టి ఆ సినిమా వేసినప్పుడు విడిపోయిన అన్నదమ్ములు కలిసిన వార్తలు మీరూ చదివారు. ఆదివారం ప్రసంగాలు చేసేవాళ్ళం, ఆ వార్తలు చదివి కొంచెం అసూయ పడ్డామని రాయడానికి సిగ్గుపడం.

కానీ అదే సినిమా చూసి మా సంఘంలో ఒక తల్లి ఏడవలేదు. ఆమె కొడుకు గల్ఫ్‌లో చనిపోయి, చాలా వారాల తర్వాత పెట్టెలో వచ్చాడు. “గాళ్ళకు ఆఖరికి కాకన్న అచ్చింది అయ్యగారూ. నా కొడుకు మొకం సుత సూడనియ్యలె” అన్నది. చాట ఒళ్ళో పెట్టుకొని తునికాకు కత్తిరిస్తూనే అన్నది, చెయ్యి ఆగలేదు. కొడుకు నంబరుకు ఆమె ఇంకా రీఛార్జి చేయిస్తుంది. దుకాణం పిల్లవాడు డబ్బులు వద్దన్నా వినదు. దీన్ని మనసు జబ్బు అనాలా, దుఃఖం అనాలా అని ఎవరైనా అడిగితే మేము తొందరపడి పేరు పెట్టం. ఆమె తింటున్నది, పని చేస్తున్నది, గుడికి వస్తున్నది. నిద్ర పట్టక నెలలు గడిచినప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం, మాత్రలు వేసుకున్నది, నిద్ర వచ్చింది. రీఛార్జి ఆగలేదు.

ఇలాంటి తల్లి మన సినిమాల్లో ఉంటే చుట్టూ ఉన్నవాళ్ళు ‘ఎన్నాళ్ళమ్మా ఇట్లా’ అంటారు, ఒక పాటలో మామూలు మనిషిని చేసేస్తారు. బైబిలులో రిస్పా ఉంది. 2 సమూయేలు 21. ఆమె ఇద్దరు కొడుకులను కొండ మీద ఉరితీశారు. కోతకాలం మొదలైనప్పటి నుంచి వానలు పడేదాకా ఆమె బండ మీద గోనెపట్ట పరచుకొని, పగలు పక్షులను, రాత్రి మృగాలను శవాల మీదికి రానివ్వలేదు. అది నెలల మాట. ఆమెకు మతి తప్పిందని ఆ గ్రంథంలో ఎక్కడా లేదు. రాజుకు ఆ కబురు చేరి, ఎముకలను తెప్పించి పాతిపెట్టించే దాకా ఆమె లేవలేదు. రెండున్నర గంటల సినిమాలో ఆ నెలలను ఎట్లా చూపించాలో తెలిసిన దర్శకుడు తెలుగులో ఇంకా రావలసే ఉన్నాడు. ఇంగ్లీషులో 2016లో మాంచెస్టర్ బై ద సీ అని ఒకటి వచ్చింది. ఇల్లు తగలబడి పిల్లలను పోగొట్టుకున్న తండ్రి కథ. చివరికి అతను బాగుపడడు. బాగుపడకుండానే పనికి వెళ్తాడు, చలిలో మంచు ఊడుస్తాడు, అన్న కొడుకుకు చేతనైనంత చేస్తాడు. ఆ సినిమా అతనిమీద జాలిపడి కూడా అబద్ధం చెప్పలేదు. అందులో బూతులు ఉన్నాయి, పిల్లలతో కలిసి చూడకండి. పెద్దలు మాత్రం చూడవచ్చనే మా అభిప్రాయం.

సిరిసిల్ల గురించి రాయకుండా ఇది ముగించలేం. సాంచెల చప్పుడు ఆగిన కాలాల్లో ఆ ఊరిని పత్రికలు ఉరిసిల్ల అని రాశాయి. ఎవరు ఆ మాట పుట్టించారో గాని, అక్కడి తల్లిదండ్రుల చెవులకు అదెట్లా వినబడుతుందో ఆలోచించలేదు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చినప్పుడు కొంత ఊపిరి పీల్చుకున్నారు. మళ్ళీ పని తగ్గగానే మళ్ళీ చావు కబుర్లు. కూలి లేకపోవడాన్ని మనసు జబ్బు అని పేరు మార్చి చేతులు దులుపుకోవడం మాకు ఇష్టం లేదు. అప్పు అప్పే. కానీ అదే అప్పున్న వీధిలో ఒకరు రాత్రి దాటుతారు, ఒకరు దాటలేరు. ఆ దాటలేని మనిషి తలలో ఏ బొమ్మ ఆడుతుందన్నది సినిమా తీసేవాళ్ళు అడుక్కోవలసిన ప్రశ్న.

అందుకే 2004లో వచ్చిన ‘ఆ నలుగురు’ మీద మాకు ఒక ఫిర్యాదు ఉంది. మంచి సినిమా. రాజేంద్రప్రసాద్ చేసిన రఘురామయ్య పాత్రకు కన్నీళ్ళు పెట్టుకోనివారు లేరు, ఇప్పటికీ మంచితనానికి ఉదాహరణగా దాన్నే చెప్తారు. కానీ కథ చూడండి. కొడుకులతో విసిగిన తండ్రి ప్రాణం తీసుకుంటాడు. ఆత్మ పక్కనే నిలబడి చూస్తుంటుంది: అంత్యక్రియలకు జనం పోటెత్తుతారు, మంచివాడని అందరూ ఏడుస్తారు, కొడుకులకు బుద్ధి వస్తుంది. నేను పోతే వీళ్ళకు నా విలువ తెలుస్తుంది అనే ఆలోచన మేము ఎందరి నోట విన్నామో లెక్క లేదు. రాత్రి రెండు గంటలకు ఫోన్ చేసి అదే మాట అంటారు. ఆ ఆలోచనకు ఆ సినిమా కళ్ళారా చూసే సాక్ష్యం ఇచ్చింది. నిజానికి పోయిన ఇంట్లో మేము చూసేది వేరు. వచ్చిన జనం మూడో రోజుకు ఉండరు. ఉండేది అప్పు, అంగన్‌వాడీకి పోయే పాప, ‘ఆ రోజు పొద్దున నేను ఎందుకు తిట్టిన’ అని గోడకు చెప్పుకునే ముసలి తండ్రి.

తీసినవాళ్ళ ఉద్దేశం చెడ్డదని మేము అనం. ఇది తెలుగు సినిమాకు మాత్రమే ఉన్న రోగమూ కాదు. అమెరికాలో ఒక ఇంటర్ వయసు పిల్ల ఆత్మహత్య చుట్టూ అల్లిన ‘13 రీజన్స్ వై’ సీరియల్‌లో, ఆమె చనిపోయే సీనును నెట్‌ఫ్లిక్స్ 2019 జూలైలో తీసేయవలసి వచ్చింది. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ సినిమా, నాటకం చేసేవాళ్ళ కోసం ఒక పుస్తకమే వేసింది. చనిపోయే పద్ధతి చూపవద్దు, చావును పరిష్కారంగా చూపవద్దు, ఆ రాత్రి దాటినవాళ్ళను చూపండి అన్నది అందులోని సారం. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే మన తెలంగాణలో ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. సెప్టెంబరులో హిందీలో ఛిఛోరే వచ్చింది. ర్యాంకు రాలేదని ప్రాణం తీసుకోబోయిన కొడుకు మంచం పక్కన కూర్చొని, తాను ఓడిపోయిన కథ చెప్పుకుంటాడు ఒక తండ్రి. పాటలూ జోకులూ ఎక్కువే, అయినా ఆ కొడుకు బతుకుతాడు. మనకు అలాంటివి కావాలి, మన యాసలో, మన సాంచెల మధ్య, మన గల్ఫ్ పెట్టెల ముందు. బలగం తీసిన నేలకు అది చేతకాని పని కాదు.

ఏలీయా చావు కోరుకొని బదరీవృక్షం కింద పడుకున్నప్పుడు దేవదూత అతనికి ప్రసంగం చెప్పలేదు. రొట్టె పెట్టాడు, నీళ్ళు పెట్టాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు, రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. సన్నివేశంగా చూస్తే అందులో ఏమీ జరగదు, ఏ నిర్మాతా డబ్బు పెట్టడు.

మనసు బాగాలేనివాళ్ళకు, వాళ్ళను కనిపెట్టుకొని ఉన్న ఇంటివాళ్ళకు టెలి మానస్ నంబరు 14416. పైసా ఖర్చు లేదు, రాత్రయినా పగలైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. నంబరును మన గుడి గేటు పక్క గోడ మీద రాయించాం. ఆరాధన వేళల బోర్డు కంటే పైన.