ఇంటి ముచ్చట్లు: బాపుకు పాత కారు

కన్నవారికి యేదైనా కొనిపెట్టాలన్న కోరిక మంచిదే. కాని అందులో కొనేవారి గొప్ప యెంత, తీసుకునేవారి సుఖం యెంత అన్నది కొంచెం ఆగి చూసుకోవలసి వుంటుంది. ఇది మేము చదువరులకు నీతి చెప్పడానికి అంటున్న మాట కాదు. మా యింట్లో యిరవై వేల రూపాయలు పోగొట్టుకుని నేర్చుకున్న మాట.

మా బాపుకు అరవై ఏడేళ్లు. కరీంనగర్ జిల్లా నుంచి కట్టుబట్టలతో భివండీ వచ్చి, ఒకరి సాంచాల మీద పని నేర్చి, తరువాత తన సాంచాలు పెట్టుకుని, మమ్మల్ని ముగ్గురన్నదమ్ములను చదివించిన మనిషి. పద్మనగర్‌లో యే గల్లీలో అడిగినా యిటువంటి కథే వినిపిస్తుంది కనుక దానిని పొడిగించము. నిరుడు సాంచాలు అమ్మివేశాడు. చేతికి తీరిక చిక్కింది.

ఒకప్పుడు ఆయనకు మారుతీ ఎస్టీమ్ వుండేది. 1994లో వచ్చి 2007 దాకా తయారైన ఆ బండికి బరువు తక్కువ, చురుకు ఎక్కువ. అది పోయిన తరువాత పిల్లల కోసమని మేము కొన్న యెత్తు బండిని ఆయన ముట్టుకోడు. "గది ఎడ్లబండి" అంటాడు. తనకొక కారు కావాలనీ, పాతదైనా సరే గాని పిలిస్తే పలకాలనీ, నడిదారిలో నిలబడకూడదనీ అమ్మతో అన్నాడట. అమ్మ మా చెవిన వేసింది.

అక్కడ మొదలైంది మా తెలివి. చిన్న తమ్ముడు, నలుగురూ తిరిగి చూసే బండి కావాలన్నాడు. పెద్ద తమ్ముడు, ఈ వయస్సులో చురుకు యెందుకు, మెల్లగా పోయేది చాలునన్నాడు. మేము యిద్దరికీ మధ్యవర్తులమై, ఠాణేలో ఒక వ్యాపారి దగ్గర అద్దంలా మెరుస్తున్న ఒక టర్బో ఆటోమేటిక్ బండికి యిరవై వేలు బయానా కట్టి వచ్చాము. అడగవలసిన మనిషిని మాత్రం యెవ్వరమూ అడగలేదు. ఆయనను ఆశ్చర్యపెట్టాలని అనుకున్నాము.

మరునాడు ఉదయం తీసుకువెళ్లి బండి ముందు నిలబెట్టాము. బాపు రంగు చూడలేదు. బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. "ముందుగాల్నే నడిపి పెట్టిండ్రు. సల్లగున్నప్పుడు ఎట్ల లేస్తదో మనకు తెల్వొద్దని" అన్నాడు. తరువాత వెనుక సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగాడు. లోపలి భాగం మీద యెండిన బురద చార! డిక్కీలో స్పేరు చక్రం తీయించి చూస్తే గుంటలో తుప్పు. యెక్కడో వరద నీట నానిన బండి. పైన పటారం, లోన లొటారం.

వచ్చేటప్పుడు దారిలో ఆయన అన్నది ఒకటే మాట: "నలభై ఏండ్లు పాత సాంచాలే కొన్న. పాత మిషను సూసుడు మీరు నాకు నేర్పుతరా బిడ్డా? నన్నొక్క మాట అడిగితె ఏమయితుండె?" మా ముగ్గురి దగ్గరా జవాబు లేదు. బయానా తిరిగి రాలేదు.

ఆయన మాటలో మన ఊరి చరిత్ర వున్నది. భివండీ కొత్త మిషన్ల మీద నిలిచిన ఊరు కాదు. ముంబయి మిల్లులు తీసివేసిన పాత సాంచాలను కొని, విప్పి, అరిగినవి మార్చి, తిరిగి బిగించి మన పెద్దలు బట్ట నేశారు. 1982 జనవరి 18న ముంబయి మిల్లుల సమ్మె మొదలైన తరువాత యిక్కడ సాంచాల చప్పుడు మరింత పెరిగింది. నాడె సరిగా ఆడటం లేదని పక్క గదిలోనుంచి చెవితోనే పట్టగల మనిషికి, యింజనులో తేడా చెప్పడానికి మేము బయలుదేరాము!

అయితే పెద్ద తమ్ముడి భయాన్ని తోసివేయడానికి లేదు. ఆ రాత్రి వాడు బయటపడ్డాడు. బండి యెటువంటిదైనా, బాపు అసలు నడపవచ్చునా అన్నది వాడి బాధ. సాయంత్రం పూట యెదుటి దీపాలు కళ్లలో పడితే బాపు బండి పక్కకు ఆపడం వాడు రెండుసార్లు చూశాడట. మాలో యెవరికీ ఆ మాట ఆయనతో అనే ధైర్యం లేకపోయింది. మెల్లగా పోయే బండి కొనిపెట్టి తప్పించుకుందామనుకున్నాము. మెల్లని బండికి మాత్రం కళ్లు అక్కరలేదా?

చివరకు వాడే చెప్పాడు. బాపు ఆ పూట భోజనం దగ్గర పలకలేదు. నాలుగో రోజున అమ్మను వెంటబెట్టుకుని తానే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చాడు. కుడికంట శుక్లం. ఆపరేషను జరిగింది. డాక్టరు సరేనన్నదాకా స్టీరింగు ముట్టలేదు. "రాత్రిపూట నడుప" అని తనకు తానే నియమం పెట్టుకున్నాడు. చదువరులకు మా మొదటి సలహా యిదే. బండి కంటె ముందు కన్ను చూపించండి. యాభై అయిదు దాటి లైసెన్సు తిరిగి రాయించుకుంటే అయిదేళ్లకే యిస్తారు. నలభై దాటినవారికి ఫారం 1ఎ మీద డాక్టరు సర్టిఫికెట్ వుండాలి. దానిని సంతకం కోసం కాక నిజంగా పరీక్ష కోసం వాడుకోవాలి.

ఇక చురుకు సంగతి. వేగం వేరు, చురుకు వేరు. నాసిక్ రోడ్డు మీద మాన్‌కోలీ నుంచి పడ్ఘా వైపు వెళ్లిన వారికి గోదాముల కంటైనర్ లారీలు యెట్లా వుంటాయో తెలుసు. ఒక లారీని దాటడానికి పక్కన యెంతసేపు నడిస్తే అంత అపాయం. బండి గంటకు రెండు వందలు పోతుందా అన్నది మనకు అక్కరలేదు. నలభై నుంచి ఎనభైకి తడబడకుండా చేరుతుందా అన్నదే కావాలి. 2025 జూన్ 5న ఇగత్‌పురి నుంచి మన పక్కనున్న ఆమనె దాకా చివరి 76 కిలోమీటర్లు తెరిచి, నాగపూరు సమృద్ధి మార్గం 701 కిలోమీటర్లూ పూర్తిచేశారు. దాని మీద కార్లకు హద్దు 120. ఆ హద్దులో నిలకడగా పోవడానికి బ్రేకులూ, టైర్లూ మంచివి కావాలి.

ఈ లెక్కన పాత బండ్లలో మేము చూసినవి నాలుగు. 2020 నాటి హోండా సిటీకి టర్బో లేదు. 121 అశ్వబలం, 145 న్యూటన్ మీటర్ల లాగుడు. యింజను గట్టిగా తిరిగితేనే పరుగు వస్తుంది గాని, పేచీ తక్కువని పేరు. ఊళ్లోనే తిరిగే వారికి ఇది చాలును. 2022లో వచ్చిన స్కోడా స్లావియా, ఫోక్స్‌వాగన్ వర్టస్ బండ్లలో 1.5 లీటర్ల టర్బో యింజనుకు 150 అశ్వబలం, 250 న్యూటన్ మీటర్లు. ఆ లాగుడు 1,600 చుట్ల దగ్గరే అందుతుంది కనుక లారీని దాటడం తేలిక. 2023 నాటి హ్యుందాయ్ వెర్నా టర్బో 160 అశ్వబలంతో వీటిని మించుతుంది. ఈ మూడింటికీ గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీకొట్టు పరీక్షలో 2023లో అయిదు నక్షత్రాలు వచ్చాయి. చిన్న తమ్ముడు ఆశపడిన ఆక్టేవియా ఆర్.ఎస్. 2017లో 230 అశ్వబలంతో వచ్చింది, గొప్ప బండి. కాని నేలకు దగ్గరగా వుంటుంది, టైరు అంచు పలుచన. మన గుంతలకూ, అమ్మ మోకాళ్లకూ అది పడదు.

ఒక జాగ్రత్త. టర్బో ఆటోమేటిక్ బండ్లలో కొన్నింటికి రెండు పొడి క్లచ్‌ల గేరుపెట్టె వుంటుంది. రోడ్డు మీద హాయిగా నడుస్తుంది గాని, అంజూర్ ఫాటా దగ్గరి రద్దీలో అడుగడుగునా ఆగి కదిలితే వేడెక్కుతుంది. అటువంటి బండిని తప్పక రద్దీలోనూ, యెత్తు మీదనూ నడిపి, కుదుపు వుందేమో చూడాలి. బాపు మట్టుకు గేరు చేతితో మార్చేదే కావాలన్నాడు.

తరువాత రెండు నెలలు ఆయనే ముందు, మేము వెనుక. ఆయన పద్ధతి రాసి పెడుతున్నాము. రాత్రంతా నిలిచిన బండిని తన యెదుట స్టార్టు చేయించాలి. పొగగొట్టంలో నీలి పొగ వస్తే నూనె కాలుతున్నదని గుర్తు. టైరు మీద నాలుగంకెలు చదవాలి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైనదని అర్థం. ముదిరిన టైరు సిమెంటు రోడ్డు వేడికి పేలవచ్చు. మీటరు ముప్పై వేలు చూపుతూ, పెడల్ రబ్బరు నున్నగా అరిగివుంటే నమ్మరాదు. సర్వీసు పుస్తకంతో సరిచూడాలి. వానలలో కామవారి యెట్లా పొంగుతుందో మనకు కొత్త కాదు. 2005 జూలై 26న శాంతాక్రుజ్‌లో 944 మిల్లీమీటర్లు కురిసిన దినమూ మరువలేదు. కనుక సీటు బెల్టూ, కార్పెటు అడుగూ వదలకూడదు. బంకులలో యిప్పుడు పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. బండికి అది సరిపడుతుందా అని యజమాని పుస్తకంలో చూడాలి. అన్నిటికంటె ముఖ్యం, వెనుక కూర్చునేవారిని వెంట తీసుకువెళ్లడం. అమ్మ యెక్కి దిగి, మోకాలు నొచ్చలేదన్న తరువాతే బేరం మాట్లాడాము.

కాగితాలలో ఆర్.సి. మీది ఛాసిస్ నంబరు బండి మీది నంబరుతో కలవాలి. పేరు మార్పుకు 29, 30 ఫారాలు. అప్పు మీద కొన్నదైతే అది తీరినట్టు బ్యాంకు కాగితమూ, 35వ ఫారమూ. వేరే రాష్ట్రపు బండికి 28వ ఫారం మీద అభ్యంతరం లేదన్న పత్రం. పాత చలానాలు బాకీ వున్నాయేమో పరివాహన్‌లో చూసుకోవచ్చు. ఇన్సూరెన్సును పద్నాలుగు రోజులలో మన పేరిటికి మార్చమని అడగాలి. అమ్మినవారి నో క్లెయిమ్ బోనసు వారి వెంటే పోతుంది, బండితో రాదు.

చివరకు కల్యాణ్‌లో ఒక ఉద్యోగి యింట, 2022 నాటి స్లావియా, 1.5 లీటర్లది, చేతి గేరుది దొరికింది. దాని మీద ఒక గీత వున్నది. వ్యాపారి దగ్గరి బండంత మెరుపు లేదు. బాపు తెల్లవారుజామున వెళ్లి చల్లని యింజను విని, పడ్ఘా దాకా నడిపి, తిరిగి వచ్చి, "నడుస్తది" అన్నాడు. ఆయన నోట అంతకంటె పెద్ద మెప్పు మేము వినలేదు. సొమ్ములో సగం ఆయన సాంచాల డబ్బే. మేము పూర్తిగా యిస్తామంటే ఒప్పుకోలేదు.

మొన్న పండుగకు జాల్నా దాకా సమృద్ధి మీద, అక్కడినుంచి నాందేడు మీదుగా ఊరికి బయలుదేరాము. పగలంతా ఆయన నడిపాడు. పొద్దు వాలగానే ఒక ధాబా దగ్గర ఆపి, యెవరూ అడగకుండానే తాళం చెవి పెద్ద తమ్ముడి చేతిలో పెట్టి, వెనుక అమ్మ పక్కన కూర్చున్నాడు.