స్త్రీల ఆరోగ్యము: “వేడిచేసిన”దను మాట

మూత్రము పోయునప్పుడు మంట పుట్టినచో మన యిండ్లలో వెంటనే వచ్చు మాట “వేడిచేసినది” అని. మజ్జిగ త్రాగుము, సబ్జాగింజలు నానవేసికొనుము, రెండు దినములలో తగ్గునందురు. గురజాల యెండ నెరిగినవారి కీ మాట సహజముగనే తోచును. మా యెరుకలోని యచ్చటి యిల్లాలొకతె యిట్లే నెలలు గడపి, చలిజ్వరముతో మంచము పట్టిన పిదపగాని నోరు విప్పలేదు. ఈ యొక్కమాట చాటున రెండు వేర్వేరు వ్యాధులున్నవని సోదరీమణులు గ్రహింపవలెను.

మొదటిది క్రిములవలన కలుగునది. పెద్దప్రేగులోనుండు ఇ. కోలై యను సూక్ష్మక్రిమి మూత్రాశయమునకు ప్రాకుటయే తరచుగా కారణము. స్త్రీల మూత్రనాళము సుమారు 4 సెంటీమీటర్ల పొడవే యగుటచే దానికి దారి దగ్గర. మంట, మాటిమాటికి పోవలెననిపించుట, పొత్తికడుపు నొప్పి దీని గుర్తులు.

ఎండ క్రిములను పుట్టింపదు. నీరు త్రాగకుండుట, బిగబట్టుట వానికి తోడ్పడును. మిరపకోతలకు పోవు స్త్రీలును, బస్సులలో దూరము పోవువారును చాటు దొరకదను భయముచే పగలెల్ల నీరు ముట్టరు. ఈ వ్యాధి తరచుగా వచ్చుచు, నీరు తక్కువ త్రాగు 140 మంది ముట్లుడుగని స్త్రీలపై జరిపిన పరిశోధన 2018లో వెలువడినది. దినమునకు లీటరున్నర నీరు అదనముగా త్రాగినవారికి ఏడాదిలో వ్యాధి వచ్చుట సుమారు సగమునకు తగ్గెను. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారు మాత్రము వైద్యు నడిగి త్రాగవలెను.

నీరు నివారణకు మేలు; పట్టిన వ్యాధికి మందు కావలెను. మూత్రపరీక్ష చేయించి, వైద్యుడు చెప్పినన్ని దినములు బిళ్లలు మ్రింగవలెను. మంట తగ్గినదని నడుమ మానరాదు. మిగిలినవి దాచి యింకొకరి కీయరాదు. చలిజ్వరము, వీపున ప్రక్కటెముకల క్రింద నొప్పి, వాంతులు కలిగినచో వ్యాధి మూత్రపిండములకు ప్రాకినదేమో యని ఆనాడే ఆసుపత్రికి పోవలెను. గర్భిణులును, మధుమేహము గలవారును, మూత్రమున నెత్తురు కనబడినవారును జాగు చేయరాదు.

రెండవది దీర్ఘకాలపు మూత్రాశయబాధ. మూత్రము నిండినకొలది నొప్పి హెచ్చును, పోసినచో కొంత తగ్గును. ఆరువారములు దాటినను బాధ పోదు, పరీక్షలో క్రిములు కానరావు. ఇట్టి రోగులలో కొందరి మూత్రాశయమునందలి పుండ్లను అమెరికా వైద్యుడు హన్నరు 1915లో వర్ణించెను. ఇది భ్రమ కాదు, అంటువ్యాధియు కాదు. క్రిములను చంపు బిళ్లలు దీనికి పనిచేయవు. కాఫీ, టీ, పులుపు, కారము కొందరికి బాధ హెచ్చించును. ఒక్కొక్కదానిని కొన్ని వారములు మాని చూచి, తనకు పడనిదానినే విడువవలెను. గోంగూర పడినవారు దానిని మాననక్కరలేదు. పొత్తికడుపుపై వేడినీళ్ల కాపడము ఉపశమించును. మూత్రవ్యాధి నిపుణులకడ మందులును, కటికండరములను సడలించు చికిత్సయు గలవు. పూర్తిగా పోకున్నను అదుపులో నుంచుకొనవచ్చును.

కోడలుగాని కూతురుగాని “మంట” యన్ననాడు మజ్జిగ యిండు, తప్పులేదు. మూత్రపరీక్షయు చేయింపుడు. అది యే వ్యాధియో తేల్చునది పరీక్షయేగాని మజ్జిగ కాదు.