మీరు ముస్లింలా కనబడరే!

"మామూ, ఓఢ్నీ ఓఢ్ కో ఫొటో ఉతారూ క్యా, నికాల్ కో?"

ఓఢ్నీ తలమీద ఉంచుకుని ఫొటో దిగాలా, తీసేసి దిగాలా అని మా చెల్లెలి బిడ్డ అడిగింది. వరంగల్‌లో ఓ ప్రైవేటు ఆస్పత్రి రిసెప్షన్‌లో కొలువు. పిల్ల డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసైంది. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ వచ్చు. ప్రకటనలో భాషల ఊసే లేదు. చూడటానికి బాగుండాలి, ఫుల్‌సైజు ఫొటో జతచేయాలి అని మాత్రం ఉంది.

మేం వెంటనే జవాబు చెప్పలేకపోయాం. పాస్‌పోర్టు ఫొటోలో మొహమంతా కనబడితే చాలు, మతాచారంగా తలమీద గుడ్డ ఉన్నా సర్కారుకు అభ్యంతరం లేదు. దేశం దాటడానికి పనికొచ్చే మొహం, రోగుల పేర్లు రాసుకునే బల్ల దగ్గర ఎందుకు పనికిరాదు?

బొట్టు పెట్టుకొస్తే సంప్రదాయం. మా గడ్డం, నమాజు చేసీ చేసీ నొసటన పడ్డ మచ్చ మాత్రం మతం. అయ్యప్ప మాల వేసుకున్న ఉద్యోగి గడ్డాన్ని, చెప్పుల్లేని కాళ్లను నలభై ఒక్క రోజులు ఎన్నో ఆఫీసులు గౌరవిస్తాయి. ఆ గౌరవం మాకూ ఇష్టమే. అందులో ఇంత మా గడ్డానికీ ఇమ్మంటున్నాం.

ఇరవయ్యేళ్ల కిందటి మాట. ఓ తెలుగు పత్రికలో ఇంటర్వ్యూకి పోయాం. అవతలి పెద్దమనిషి దరఖాస్తులో పేరు చూశాడు, నున్నగా గీసుకున్న మా మొహం చూశాడు. "మీరు ముస్లింలా కనబడరే!" అన్నాడు మెచ్చుకోలుగా. మేం నవ్వాం. కొలువొచ్చింది. అదే రోజు మాతో వచ్చిన గడ్డం కుర్రాడికి మాకంటే మంచి ఉర్దూ, మాకు తీసిపోని తెలుగు ఉన్నాయి. "కబురు చేస్తాం" అన్నారు. చెయ్యలేదు. ఆ రోజు మేం నవ్విన నవ్వుకి ఈనాటికీ సిగ్గుపడుతున్నాం.

ఇదంతా మీ అనుమానమే అంటారేమో. సుఖదేవ్ థోరాట్, పాల్ ఆటెవెల్ ప్రైవేటు కంపెనీలకు ఒకే అర్హతలతో, పేర్లు మార్చి దరఖాస్తులు పంపారు. 2007లో ఫలితాలు అచ్చయ్యాయి. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపొచ్చే అవకాశం మూడింట రెండొంతులు. ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. 2022లో లెడ్‌బై ఫౌండేషన్ వెయ్యి ఉద్యోగాలకు ఇద్దరు ఊహా యువతుల పేర్లతో దరఖాస్తులు పెట్టింది. ప్రియాంకా శర్మకు 208 చోట్ల సానుకూల జవాబు, హబీబా అలీకి 103 చోట్ల.

ఇది పేరు సంగతి. మొహం సంగతి జర్మనీలో తేలింది. అక్కడ దరఖాస్తుకు ఫొటో అంటించడం మామూలు. డోరిస్ వైక్సెల్‌బౌమర్ ఒకే అమ్మాయి ఫొటోతో పరీక్షించి 2016లో ప్రకటించారు. జర్మన్ పేరుంటే 18.8 శాతం పిలుపులు. టర్కీ పేరుంటే 13.5. అదే టర్కీ పేరుతో తలకు గుడ్డ కట్టిన ఫొటో పెడితే 4.2. మారింది మూరెడు గుడ్డే.

మా ఇంటి మురికీ చెప్పాలి. మా సేఠ్‌ల దుకాణాల్లోనూ కౌంటర్ దగ్గరికి తెల్లటి పిల్లే కావాలి. సయ్యద్‌ల, పఠాన్‌ల కళ్లకు దూదేకుల మొహం ఆనదు. మొహం చూసి మనిషిని తూచే తక్కెడ మా దగ్గరా ఉంది. దాన్నీ విరగ్గొట్టాల్సిందే.

"ఓఢ్నీ తీసేస్తే పోలా, అది అణచివేతే గదా" అంటారు కొందరు సెక్యులర్ మిత్రులు. వేసుకోవాలా వద్దా అన్నది మా ఆడపిల్లలు తేల్చుకోవాల్సింది. దానికోసం మా ఇళ్లలో, మా పెద్దలతో కొట్లాడుతూనే ఉన్నాం. మీరు కొలువివ్వకుండా పిల్లను మళ్లీ ఇంటికే తోలేస్తే, ఆ కొట్లాటలో మీరు ఎవరి పక్షం? చేతిలో జీతం ఉన్న పిల్లకే గదా ఇంట్లో నోరు లేచేది!

రాజ్యాంగం 16వ అధికరణం మత వివక్షను సర్కారు కొలువుల్లోనే ఆపుతుంది. ప్రైవేటు గేటు దగ్గర దానికి కాళ్లు లేవు. మేం అడిగేది దయ కాదు. దరఖాస్తులోంచి ఫొటో గడి తీసెయ్యండి. మొదటి వడపోత పేరు, మొహం చూడకుండా చెయ్యండి. ఎందుకు వద్దన్నారో రాసివ్వండి. వీటికి చట్టం తెండి.

మా చెల్లెలి బిడ్డ మా జవాబు కోసం ఆగలేదు. ఓఢ్నీ వేసుకునే ఫొటో దిగింది. దరఖాస్తు పోస్టు చేసొచ్చింది. ఆ ఫొటో రేపు మీలో ఎవరో ఒకరి బల్లమీదికొస్తుంది. ఆమె ముస్లింలాగే కనబడుతుంది. ఏం చేస్తారు?