పది పాటల తోరణం ఆల్బమ్ కాదు



ఈ సంక్రాంతికి నా పూర్వవిద్యార్థులు తొమ్మిదిమంది బేతంచెర్లలో మా యింటి వసారాలో కూర్చుని, "తెలుగులో సార్వకాలిక సర్వోత్తమ ఆల్బములు పది" ఏవో చేతులెత్తి నిర్ణయించారు. అరగంటలో పని ముగిసింది. అంత త్వరగా ముగిసినందుకే నాకు అనుమానం కలిగింది. పట్టిక చూశాక అనుమానం తీరిపోయి ఆగ్రహం మిగిలింది. పండుగపూట కావడంచేత ఆ ఆగ్రహాన్ని సగమే వెళ్లగక్కాను. తక్కిన సగం ఈ టపా.

ఇది వినోదం మాత్రమే అయితే నేను నోరు మెదిపేవాణ్ణి కాను. నా దగ్గర ఒక ట్రంకుపెట్టె ఉంది. మా నాన్నగారి కాలంనాటి 78 వేగపు గ్రామఫోను రికార్డులు, నేను జీతంలో మిగిల్చి కొన్న ఎల్.పి.లు, ఆ తరువాతి కేసెట్లు అందులో ఉన్నాయి. కేసెట్ల టేపుకు బూజు పట్టింది. పాత రికార్డులు కొన్ని బీటలు వారాయి. పిల్లలు ముచ్చటపడి, వాటిలో పదింటిని కంప్యూటరులోకి ఎక్కించి ఊరి పిల్లలకు వినిపిస్తామన్నారు. ఏ పది? ఆ ప్రశ్నలోంచి పుట్టిందీ ఎన్నిక. కాబట్టి పట్టికలో చోటు దొరకడమంటే బ్రతకడం. దొరకకపోవడమంటే పెట్టెలోనే మన్నైపోవడం.

ఈ ఆలోచనకు మూలపురుషుడు వారిలో బెంగుళూరులో సాఫ్టువేరు ఉద్యోగం చేస్తున్నవాడు. "సార్, ప్రోగ్రెసివ్ రాక్ అభిమానులు ఇట్లాంటి పట్టికలు ఎన్ని వేసుకున్నారో! మనమెందుకు వేసుకోకూడదు?" అన్నాడు. బండల గనుల ఊళ్లో పుట్టి పెరిగినవాణ్ణి గనుక 'రాక్' అనగానే నాకు నాపరాయే తోచింది. "అభ్యుదయ శిల ఏమిట్రా నాయనా?" అంటే వాడు నవ్వి, ఇయర్‌ఫోన్లు నా చెవులకు తగిలించాడు.

మూడు రోజులు విన్నాను. ఆ మాటలు నాకు సగం అర్థం కాలేదు. ఆ గిటారు రొద కొన్నిచోట్ల తలనొప్పి తెప్పించింది. కానీ ఒక్క సంగతి మాత్రం చక్కగా అర్థమైంది. 1969లో కింగ్ క్రిమ్సన్ అనే బృందం వారి మొదటి రికార్డు ఈ మార్గంలో తొలి మైలురాళ్లలో ఒకటి. 1972లో యెస్ అనే బృందం వారు 'క్లోజ్ టు ది ఎడ్జ్' రికార్డులో ఒక పక్కనంతా ఒకే రచనతో నింపారు. అది పద్దెనిమిది నిమిషాలు దాటుతుంది. అదే ఏడు జెత్రో టల్ వారు 'థిక్ యాజ్ ఎ బ్రిక్' అని, రికార్డు రెండు పక్కలా కలిపి ఒకే ఒక రచన చేశారు. 1973లో వచ్చిన పింక్ ఫ్లాయిడ్ వారి 'ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' గుండెచప్పుడుతో మొదలై గుండెచప్పుడుతోనే ముగుస్తుంది. ఇవి పాటలు కావు. ఇవి ప్రబంధాలు. కథైక్యం, రసపోషణ, ఉపక్రమోపసంహారాలు ఉన్న రచనలు. వీటిలోంచి ఒక్క తునక తీసి "ఇది బాగుంది" అనడం, మనుచరిత్రలోంచి హిమాలయ వర్ణన ఒక్కటే చదివి కావ్యం చదివామనడం వంటిది.

సరే, మా వసారాకు వద్దాం. మా పిల్లల పట్టికలో 'శంకరాభరణం' ఉంది, 'మాయాబజార్' ఉంది, 'మల్లీశ్వరి' ఉంది. చెడ్డ పేర్లని నేనన్నానా? అనలేదు. "ఎందుకు ఎన్నుకున్నారు?" అని మాత్రం అడిగాను. ప్రతివాడూ ఒక పాట పల్లవి అందుకున్నాడు. "మొత్తం రికార్డు మొదటినుంచి చివరిదాకా, వరుసగా విన్నవారెవరు?" అని అడిగాను. రెండు చేతులు లేచాయి. అందులో ఒకటి కాస్త సందేహిస్తూ లేచింది. అంటే వీరు ఎన్నుకున్నవి పది ఆల్బములు కావు, పది పాటలు. ఒక్కొక్క పాటకు దాని ఇంటిపేరు తగిలించి ఆల్బమన్నారు.

ఆల్బమ్ అనే మాటకు లాటిను భాషలో తెల్లని పలక అని అర్థం. రోమనులు దానిమీద ప్రకటనలు వ్రాసి నలుగురికీ కనబడేటట్లు పెట్టేవారట. గ్రామఫోను కాలంలో రికార్డు ఒక పక్క మూడు నాలుగు నిమిషాలకు మించి పలికేది కాదు. నాటకమో, పెద్ద సంగీతరచనో పట్టాలంటే నాలుగైదు రికార్డులు కావలసివచ్చేది. వాటిని ఫొటోల పుస్తకంవలె సంచుల పుటలు కుట్టిన అట్టలో భద్రపరచేవారు. దానికి ఆల్బమ్ అన్న పేరు నిలిచింది. గమనించండి: విడివిడి ముక్కలు ఒకే రచన అవయవాలని చెప్పడానికే ఆ అట్ట పుట్టింది. నేడు ఆ మాటను ముక్కలు చేయడానికే వాడుతున్నాం.

"పాట బాగుంటే చాలదా సార్? చాటుపద్యం ఒక్కటే నిలబడదా?" అని ఒకడు వాదించాడు. నా శిష్యుడే, నా అస్త్రమే నామీద వేశాడు. నిలబడుతుంది నాయనా. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చాటుపద్యాలను ఏరి కూర్చి తెలుగువారికి మహోపకారం చేశారు. కానీ ఆయన దానికి 'చాటుపద్య మణిమంజరి' అని పేరు పెట్టారు, కావ్యసంపుటి అనలేదు. మీరూ పాటల పట్టిక వేయండి, మొదటి చప్పట్లు నావే. దానిని ఆల్బముల పట్టిక అంటేనే నాకు పేచీ.

ఇంకొకడు మరింత తెలివిగా అడిగాడు. "సినిమా పాటలు సన్నివేశంకోసం పుట్టినవి. పాశ్చాత్యుల రికార్డులాగా వాటికి ఏకసూత్రత ఎక్కడిది?" ఉన్నచోట ఉంది, లేనిచోట లేదు. ఉన్నదెక్కడో చెప్పడమే ఎంపిక పని. 1951నాటి 'మల్లీశ్వరి'ని చూడండి. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి సాహిత్యం, సాలూరి రాజేశ్వరరావుగారి సంగీతం మొదటినుంచి చివరికి ఒకే గాలి పీలుస్తాయి. 1980లో వచ్చిన 'శంకరాభరణం'లో త్యాగరాజు, రామదాసు, సదాశివబ్రహ్మేంద్రులు, మైసూరు వాసుదేవాచార్యులు, వేటూరి సుందరరామమూర్తి ఒకే పంక్తిలో కూర్చున్నారు. వేరు వేరు శతాబ్దాల వారిని ఒకే కచేరీగా వినిపించిన ఘనత కె.వి. మహదేవన్‌గారిది. ఆ చిత్రానికి సంగీత దర్శకుడికీ, గాయకుడికీ, గాయనికీ ముగ్గురికీ జాతీయ పురస్కారాలు వచ్చాయి. ఆ కూర్పును మెచ్చి ఓటు వేస్తే నేను తలవంచుతాను. ఒక్క పాటలో గాయకుడి దమ్ము మెచ్చి వేస్తే ఒప్పుకోను.

'మాయాబజార్'కు ఓటు వేసినవారు "ఘంటసాల సంగీతం" అని వ్రాశారు. ఆ 1957 చిత్రంలో నాలుగు పాటలకు వరుసలు కట్టినవారు సాలూరి రాజేశ్వరరావుగారు. ఆయన మధ్యలో తప్పుకోగా తక్కిన భారమంతా ఘంటసాలగారు వహించారు. ఒకరు ఆరంభించినదాన్ని మరొకరు అతుకు కనబడకుండా ఎట్లా నడిపించారన్నదే అక్కడ వినవలసిన విశేషం. నన్నయ తరువాత ఎఱ్ఱన అరణ్యపర్వశేషం పూరించిన చందం. మొత్తం విననివాడికి ఈ ఆశ్చర్యం ఎట్లా కలుగుతుంది?

అన్నిటికంటె నన్ను బాధపెట్టింది ఘంటసాలవారి భగవద్గీత పట్టికలో లేకపోవడం. సినిమాతో సంబంధం లేకుండా, ఒకే సంకల్పంతో, విషాదయోగంనుంచి మోక్షసన్యాసందాకా ఏరిన శ్లోకాలు, వాటికి తెలుగు తాత్పర్యం. జెత్రో టల్ వారిని మెచ్చుకునే కొలబద్ద ఏదైనా ఉంటే దానికి నిలిచే తెలుగు రికార్డు ఇదే. ఆయన 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. ఆ తరువాతనే అది ఇల్లిల్లూ చేరింది. "ఎందుకు విడిచారు?" అంటే ఒకడు మెల్లగా, "అది చావింటి రికార్డు గదా సార్" అన్నాడు. నిజమే. మా వీధిలో మైకుసెట్టులో ఆ గొంతు వినబడితే "ఎవరు పోయినారు?" అనే అడుగుతాం. జీవించడం నేర్పే గ్రంథాన్ని శవం లేచేదాకా వినిపించి, లేవగానే ఆపేస్తాం. తెలుగువాడు అందరికంటె ఎక్కువసార్లు విన్నది, ఒక్కసారి కూడా పూర్తిగా విననిది ఆ రికార్డే.

పట్టికలు చేసే హాని ఏమిటో తెలియాలంటే దూరం పోనక్కరలేదు. మా పండితులకూ ఒక సార్వకాలిక పట్టిక ఉంది, పంచకావ్యాలంటాం. మనుచరిత్ర, వసుచరిత్ర, ఆముక్తమాల్యద, పాండురంగ మాహాత్మ్యం, శృంగారనైషధం. అయిదూ అయిదు రత్నాలే. కానీ మాకు కూతవేటు దూరంలోని నంద్యాల ప్రభువు కృష్ణరాజుకు పింగళి సూరన అంకితమిచ్చిన కళాపూర్ణోదయానికి ఆ అయిదింటిలో చోటు లేదు. తెలుగులో అంతటి కథాకల్పన మరొకటి లేదు. నడిమిది ముందు చెప్పి, మొదటిది మధ్యలో విప్పి, చివరికి అన్ని ముడులూ కలిపే ఆ ప్రబంధం ముక్కలుగా చదివితే ఏమీ మిగలదు. పద్యాలు ఏరుకునేవాడికి అది లొంగదు. బహుశా అందుకే పట్టికలోకి ఎక్కలేదు. 1914లో కట్టమంచి రామలింగారెడ్డిగారు 'కవిత్వతత్త్వ విచారము'లో ఎలుగెత్తి చెప్పవలసి వచ్చింది. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌గార్లు ఇంగ్లీషు చేస్తే అమెరికాలోనూ చదివారు. నేను మాత్రం పండిత శిక్షణలో దానిని పరీక్షకోసం ముట్టుకోలేదు; ఉద్యోగంలో చేరాక, నంద్యాలలో పాతప్రతి దొరికితే చదివాను. పట్టిక నాకు చేసిన అన్యాయం అది.

ఇంతకూ ఆ కావ్యంలో కథ కదలడానికి కారణమేమిటో గుర్తుందా? విష్ణుసభలో తుంబురుడికి దక్కిన గౌరవం చూసి నారదుడికి కలిగిన అసూయ. ఎవరు గొప్ప గాయకుడన్న పంతం! సూరన నారదుడిచేత చేతులెత్తించి ఓట్లు వేయించలేదు. కృష్ణుని యింటికి పంపి, జాంబవతీ సత్యభామా రుక్మిణుల దగ్గర మళ్లీ సంగీతం నేర్పించాడు. తీర్పు చెప్పాలనుకున్నవాడు ముందు కూర్చుని వినాలి, నేర్వాలి. అరగంటలో కాదు.

మా బేతంచెర్లలో బండను కోసి, పాలిష్ పట్టి, చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. ఏ ముక్కకు ఆ ముక్క పనికివస్తుంది. ముక్క చేస్తేనే దానికి ధర. ఆళ్లగడ్డలో అట్లా కాదు. అక్కడి శిల్పుల పాకకు పోయి, "ఈ నంది మూపురం బాగుంది, అదొక్కటి కోసి ఇవ్వండి" అని అడిగి చూడండి. రెండూ రాళ్లే. ఒకటి కొలిచి అమ్మేది, ఒకటి నిలిపి చూసేది. మనం రికార్డులను బేతంచెర్ల బండలుగా చూస్తున్నాం. మా ఊరిమీద నాకు ప్రేమే, కానీ ఈ విషయంలో ఆళ్లగడ్డకే నా ఓటు.

విమర్శించి ఊరుకుంటే పండితుడి నస అంటారు. కాబట్టి నా నియమాలు చెబుతాను. ఒకటి, మొత్తం, వరుస తప్పకుండా వినని దానికి ఓటు లేదు. రెండు, ఓటు వేసేవాడు ఆ రికార్డులో ఏ ఒక్క పాటలోనూ లేక మొత్తంలో మాత్రమే ఉన్న గుణమేదో ఒక్క వాక్యంలో చెప్పాలి. మూడు, 'సార్వకాలిక' అన్న మాట కొట్టివేయాలి. మన కాలేజీ రోజులకు ముందు కూడా కాలం ఉండేది.

ఈ నియమాల ప్రకారం నా మూడు ఓట్లు: ఘంటసాల భగవద్గీత, 'శంకరాభరణం', 1963నాటి 'లవకుశ'. చివరిదానిలో పాటలతోపాటు పద్యాలు కూడా కథ నడుపుతాయి. నేను కొన్న కేసెట్లో పాటలుంచి పద్యాలలో చాలావాటిని విడిచిపెట్టారు. పూర్తి కథ వినాలంటే నాకు మళ్లీ సినిమాయే గతి అయింది. హిట్టయిన ముక్కలే చాలుననుకుంటే ఏమవుతుందో అక్కడ చూడవచ్చు.

అయితే మిత్రులారా, ఇంత వాదించి, పిల్లలకు చివర చెప్పిన మాట వేరు. "నా మూడింటిని కూడా మీరు ఎక్కించవద్దు" అన్నాను. వాళ్లు తెల్లబోయారు. ఆ మూడూ లోకంలో ఎక్కడైనా దొరుకుతాయి. దొరకనివి పెట్టె అడుగున ఉన్నాయి: పేరుచీటీలు చిరిగిపోయిన నాటక రికార్డులు. అందులో హరిశ్చంద్రుడి కాటిసీను ఒకటి ఉంది. నాలుగు రికార్డులు, ఎనిమిది పక్కలు. అయిదో పక్కమీద గీత పడి సూది అక్కడే తిరుగుతుంది. మా నాన్నగారు అక్కడ సూది ఎత్తి, ఎగిరిపోయిన పద్యపాదాన్ని తానే పాడి, మళ్లీ సూది దించేవారు. ఉత్తమమైనవాటిని కాపాడడానికి లోకం ఉంది. మనం కాపాడవలసింది మన దగ్గర మాత్రమే ఉన్నదాన్ని.

పోయిన ఆదివారం బెంగుళూరు అబ్బాయి ఒక యంత్రం పట్టుకొని వచ్చాడు. ఎనిమిది పక్కలూ వరుసగా ఎక్కించాం. అయిదో పక్క దగ్గర సూది చిక్కుకోగానే నేను దానిని ఎత్తి, ఆ పాదం పాడాను. వాడు యంత్రం ఆపలేదు. "ఆపరా, నా గొంతు పడింది" అంటే, "ఉండనీయండి సార్, మొత్తం కావాలన్నది మీరే గదా" అన్నాడు.

ఇక మీ పెట్టెల అడుగున ఏమున్నాయో వ్రాయండి. స్వస్తి.