నార్మలైజేషన్: చెక్ రకం లేని క్షేత్ర ప్రయోగం

ఒక వరి వంగడాన్ని మారుటేరులోనూ మరొక దానిని జగిత్యాలలోనూ సాగుచేసి, వచ్చిన దిగుబడులను పక్కపక్కన పెట్టి ఏది మేలైనదో తేల్చమంటే ఏ ప్రజనన శాస్త్రవేత్తా అంగీకరించడు. తేడా వంగడానిదా, నేలదా అన్న ప్రశ్న ముందుగా వస్తుంది. వ్యవసాయ డిగ్రీలో ప్రవేశం కోరే విద్యార్థుల విషయంలో మాత్రం దాదాపు ఇటువంటి పోలికే ఏటా జరుగుతున్నది.

రెండు తెలుగు రాష్ట్రాలలో వ్యవసాయ డిగ్రీ సీట్ల భర్తీకి ఈఏపీసెట్ ర్యాంకులే ప్రధాన ఆధారం. కంప్యూటరుపై జరిగే ఈ పరీక్షలో 160 ప్రశ్నలకు 160 మార్కులు. అభ్యర్థులందరినీ ఒకేసారి కూర్చోబెట్టడం సాధ్యం కానందున పరీక్ష పలు విడతలుగా, విడతకొక ప్రశ్నపత్రంతో సాగుతుంది. పత్రాల కాఠిన్యంలోని వ్యత్యాసాన్ని సరిదిద్దడానికి నార్మలైజేషన్ సూత్రం ఉన్నది. అన్ని విడతలలో కలిపి అగ్రస్థానంలోని 0.1 శాతం మంది సగటు మార్కు అందులో ఒక గుర్తు. అభ్యర్థులందరి సగటుకు ప్రామాణిక విచలనాన్ని కలుపగా వచ్చే విలువ రెండవ గుర్తు. ఈ రెండింటినీ ప్రతి విడతకూ విడిగా కూడా గణిస్తారు. అభ్యర్థి మార్కు తన విడతలోని రెండవ గుర్తుకు ఎంత దూరంలో ఉన్నదో చూసి, ఆ దూరాన్ని ఉమ్మడి కొలమానంలోకి మారుస్తారు.

ఊహాజనితమైన ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. ఉమ్మడి గుర్తులు 138, 66. ఉదయం విడతలో అవి 140, 70. మధ్యాహ్నం విడతలో 134, 62. రెండు విడతలలోనూ 98 మార్కులు పొందిన ఇద్దరిలో ఉదయం వ్రాసిన అభ్యర్థికి 94.8, మధ్యాహ్నం వ్రాసిన అభ్యర్థికి 102 వస్తాయి. తేడా 7.2 మార్కులు. బిడ్డకు మార్కులు ఎందుకు తగ్గాయని కృషి విజ్ఞాన కేంద్రానికి వచ్చి అడిగే తండ్రికి ఈ లెక్క చెప్పడం కష్టమేమీ కాదు. కష్టమైన ప్రశ్న దాని వెనుక ఉన్నది. మధ్యాహ్నం మార్కులు తగ్గినది పత్రం కఠినమైనందువల్లనా, ఆ విడతలో కూర్చున్న వారి సన్నద్ధత తక్కువైనందువల్లనా? మొదటిదైతే దిద్దుబాటు న్యాయం. రెండవదైతే ఉదయం వ్రాసినవారికి అన్యాయం. ఈ రెంటినీ వేరుచేసే శక్తి సూత్రానికి లేదు. అన్ని విడతలలోని అభ్యర్థుల సామర్థ్యం సమానమని అది ముందే అనుకుంటుంది. జేఈఈ మెయిన్‌లో 2019 నుంచి వాడుతున్న పర్సంటైల్ పద్ధతికీ ఇదే పునాది.

ఆ పునాది నిలిచేది విడతల కేటాయింపు పూర్తిగా యాదృచ్ఛికమైనప్పుడే. దరఖాస్తు తేదీని బట్టో, జిల్లాను బట్టో కేటాయింపు జరిగితే ఒక విడతలో నగర కోచింగ్ విద్యార్థులు, మరొక విడతలో గ్రామీణ కళాశాలల వారు గుమిగూడే వీలుంటుంది. బ్లాకులోని మడులకు ట్రీట్‌మెంట్లను చీట్లు తీసి కేటాయించాలని మొదటి సంవత్సరంలోనే బోధించే విశ్వవిద్యాలయాలకు ఇది కొత్త విషయం కాదు. పైగా 20,000 మంది వ్రాసే విడతలో 0.1 శాతమంటే కేవలం 20 మంది. ఆ ఇరవై మంది మార్కులు అందరి కొలబద్దనూ కదిలిస్తాయి.

యాదృచ్ఛికతపైనే పూర్తి భారం మోపని మార్గమొకటి వ్యవసాయ పరిశోధనలోనే ఉన్నది. ఫెడరర్ 1956లో ప్రతిపాదించిన ఆగ్‌మెంటెడ్ డిజైన్‌లో కొత్త వంగడాలను ఒక్కొక్క బ్లాకులోనే నాటినా, చెక్ రకాలు ప్రతి బ్లాకులోనూ ఉంటాయి. బ్లాకు ప్రభావాన్ని వాటితోనే కొలుస్తారు. ప్రశ్నపత్రాలలో ఆ పాత్ర ఉమ్మడి ప్రశ్నలది. అన్ని విడతలలోనూ ఒకే 20 ప్రశ్నలుంటే, వాటిలో రెండు విడతల వారూ సమానంగా రాణించి మిగిలిన ప్రశ్నలలో వెనుకబడితే, తేడా పత్రానిదేనని తేలుతుంది. ఉదయపు ప్రశ్నలు మధ్యాహ్నానికి బయటికి పొక్కుతాయన్న అభ్యంతరం నిజమైనదే. ఈ బి.పి.టి. 5204ను రాత్రికి రాత్రి కోసుకుపోయేవారు ఎక్కువే! పక్కపక్క విడతలను జతలుగా కలుపుతూ వేర్వేరు ఉమ్మడి ప్రశ్నలు వాడితే, వాటికి మార్కులు లేకుండా చేస్తే ఆ నష్టం తగ్గుతుంది, పోదు.

ఒకే పూట పరీక్ష అన్నిటికన్నా మేలు. నీట్ పీజీని ఒకే విడతలో నిర్వహించాలని సుప్రీంకోర్టు 2025లో ఆదేశించగా అది అలాగే జరిగింది. ఈఏపీసెట్‌కు అది సాధ్యపడే వరకు, ప్రతి ఏటా ఫలితాలతో పాటే విడతవారీగా అభ్యర్థుల సంఖ్య, సగటు, ప్రామాణిక విచలనం, అగ్రశ్రేణి సగటు, కేటాయింపు పద్ధతి వెల్లడి కావాలి. ఒక పుటకు మించని ఆ పట్టిక చేతిలో ఉంటే, గణాంక శాస్త్రం చదివే ఏ పీజీ విద్యార్థి అయినా విడతల మధ్య పోలిక ఎంతవరకు నిలుస్తుందో స్వయంగా పరీక్షించగలడు.