చిన్న ఉబ్బసమని సూదితో సరిపెడతారా?

మా పేటలో ఆయాసం లేని ఇల్లు తక్కువ. మిర్చి తొడాలు తీసే ఆడవాళ్లు, రోడ్లూడ్చేవాళ్లు, కట్టెల పొయ్యి పొగలో వండేవాళ్లు. నెలకో రెండు నెలలకో ఆయాసం లేస్తుంది. ఆరెంపీ దగ్గర సూది పడుతుంది, లేదంటే నీలిరంగు పంపు పీలుస్తారు. తెల్లారితే మళ్లీ కూలికే. "నీది చిన్న ఉబ్బసమేలే" అని పెద్ద డాక్టర్లూ అనేవాళ్లు.

ఇప్పుడా మాట చెల్లదు. ఉబ్బసమంటే ఊపిరి గొట్టాల వాపు. నీలి పంపులోని సాల్బుటమాల్ బిగిసిన గొట్టాన్ని వదులు చేస్తుంది, వాపుని ముట్టుకోదు. పైకి తేలిగ్గానే ఉంటుంది, లోపల వాపు అలాగే ఉంటుంది. చిన్నదనుకున్న ఉబ్బసమే ఒక రాత్రి మనిషిని తీసుకుపోతుంది.

వాపుకి స్టెరాయిడ్ పంపు రోజూ పీల్చమనేవాళ్లు. బాగున్న రోజున మందెవరు పీలుస్తారు? కూలి డబ్బుల్తో ఎవరు కొంటారు? 2018లో వచ్చిన పరిశోధనలు వేరే దారి చూపాయి. బుడెసొనైడ్, ఫార్మొటెరాల్ రెండూ కలిసిన పంపుని ఆయాసం లేచినప్పుడే పీల్చినా ప్రమాదం బాగా తగ్గింది. ఒంట్లోకి పోయే స్టెరాయిడ్, రోజూ పీల్చేవాళ్ల కన్నా ఎంతో తక్కువ. 2019లో 'గినా' అనే అంతర్జాతీయ డాక్టర్ల సంస్థ, పన్నెండేళ్లు దాటిన వాళ్లెవరికీ నీలి పంపు ఒక్కటే ఇవ్వొద్దని తేల్చింది.

స్టెరాయిడ్ అంటే మనవాళ్లు జడుస్తారు. ఒక పీల్పులో ఉండేది మిల్లీగ్రాములో అయిదో వంతో అంతకన్నా తక్కువో. పేరు చెప్పకుండా పొట్లం కట్టిచ్చే బిళ్లలో ఎంతుందో ఎవరైనా అడిగారా? అయితే రెండు మందుల పంపులన్నీ ఒకటి కావు, ఫార్మొటెరాల్ ఉన్నదే ఇలా వాడాలి. అది చేతికొచ్చేదాకా నీలి పంపు పారేయొద్దు. చిన్నపిల్లల సంగతి డాక్టర్నే అడగాలి.

ఊళ్లోకొచ్చిన రోడ్డు పేటకి ఎన్నేళ్లకొచ్చిందో మనకి తెలుసు. మందూ అంతే. ఈ పంపు 2017 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. మా పేట నుంచి నలుగురం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికెళ్లి అడిగాం. స్టాకు లేదన్నారు. కాగితం మీద రాసిమ్మన్నాం, రాయలేదు. సోమవారం మళ్లీ వెళ్తున్నాం, ఈసారి ఆయాసం ఉన్నవాళ్లందర్నీ తీసుకుని.