బదరీవృక్షం కింద రొట్టె

రుషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. తీరం అందమైనదే, కానీ అక్కడి సముద్రపు లాగుడు ఎంతటిదో జాలరులకు తెలుసు. లోపలికి లాగే ప్రవాహానికి ఎదురీదితే బలం ఉడిగిపోతుంది. పక్కకు ఈదాలి, లేదా తేలుతూ సాయం కోసం చెయ్యెత్తాలి. మునిగేటప్పుడు ఈ విద్య నేర్పలేం, ముందే నేర్పాలి. కోపం, అవమానం, నిరాశ ముంచెత్తే వయసులోని మన పిల్లలకు అలాంటి ఈత ఎవరు నేర్పుతున్నారు?

విశాఖలో నీట్ శిక్షణ పొందుతూ 2023లో మరణించిన పదిహేడేళ్ల విద్యార్థిని కేసును సుప్రీంకోర్టు 2025 జూలై 25న సీబీఐకి అప్పగించింది. దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హతగల కౌన్సెలర్ ఉండాలన్నది వాటిలో ఒకటి. మంచిదే. కానీ ఆ గది ముందు నిలబడటానికే పిల్లలు సిగ్గుపడతారు. చినవాల్తేరు మానసిక వైద్యశాల పేరెత్తితేనే గొంతు తగ్గించే ఊరు మనది.

అమెరికా మనస్తత్వవేత్త మార్షా లీనెహన్ రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీలో ఈ సిగ్గుకు కొంత విరుగుడు ఉంది. ట్యూషన్‌కు వెళ్లినట్టే పిల్లలు వారానికోసారి గుంపుగా కూర్చుంటారు. హోంవర్కు కూడా ఉంటుంది. మనసులో లేచినదాన్ని పేరుపెట్టి గమనించడం, ఉద్రేకం తగ్గేదాకా హాని చేసుకోకుండా ఓర్చుకోవడం, బంధం చెడకుండా అడగడం, కాదనడం నేర్చుకుంటారు. ముఖానికి చన్నీళ్లు తగిలించి ఒంటిని నెమ్మదింపజేయడమూ ఒక పాఠమే. టీనేజి పిల్లల కోసం మార్చిన పద్ధతిలో తల్లిదండ్రులూ పక్కన కూర్చుని నేర్చుకోవాలి. మన ఇళ్లలో అన్నిటికన్నా కష్టమైన షరతు ఇదేనేమో! లీనెహన్ కూడా పదిహేడేళ్ల వయసులో మానసిక వైద్యశాలలో చేరినవారే. ఆ సంగతి 2011లో బయటపెట్టారు. షికాగోలో ఒక చిన్న ప్రార్థనాలయంలో మోకరించినప్పుడు జీవితం మలుపు తిరిగిందని చెప్పారు. అయితే ఆమె అక్కడితో ఆగలేదు, చదివి, పరిశోధించి ఈ పద్ధతిని కట్టారు.

చచ్చిపోవాలనుందని ఒక పిల్లవాడు నోరు తెరిస్తే సంఘంలో మనం ఏమంటున్నాం? విశ్వాసం తక్కువైందంటున్నాం. బదరీవృక్షం కింద ఏలీయా కూడా ఇక చాలు, చనిపోనిమ్మని దేవుణ్ణి అడిగాడు (1 రాజులు 19). దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూతచేత రొట్టె, నీళ్లు పెట్టించాడు. మళ్లీ నిద్ర, మళ్లీ రొట్టె. ప్రశ్న అడిగింది హోరేబు చేరాకనే. ఆ తర్వాత ఎలీషాను తోడిచ్చాడు. బోధకులం మెల్లని స్వరం దగ్గర గంటసేపు ఆగుతాం, రొట్టె దగ్గర ఆగం.

ఆదివారం సాయంత్రం మన సండేస్కూలు గదులు ఖాళీగానే ఉంటాయి. శిక్షణ పొందిన నిపుణులను పిలిచి, పదిమంది పిల్లలకూ వారి తల్లిదండ్రులకూ ఒక గది ఇవ్వవచ్చు. పాస్టరు ఆ పని తానే చేయబూనకూడదు. ప్రమాదం ఈ రాత్రే అనిపిస్తే ఆదివారం దాకా ఆగవద్దు. టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.